ముగ్గురాయి, అంజనం: తెలుగు బాణసంచాలో రెండు ఖనిజాల చరిత్ర

చోడవరం, అనకాపల్లి పరిసరాలలో మందుగుండు దీపావళికి మాత్రమే పరిమితం కాదు. గ్రామదేవతల జాతరలలోనూ పెళ్లి ఊరేగింపులలోనూ దానికి స్థానం ఉంది. అందులోని సూరేకారం, గంధకం, బొగ్గు తరతరాలుగా తెలిసిన సరుకులు. వీటిలో సూరేకారానికి ‘పెట్లుప్పు’ అనే అచ్చతెలుగు పేరు కూడా ఏర్పడింది. ఆకుపచ్చ వెలుగునిచ్చే బేరియం, వెండి మెరుపుకు తోడ్పడే ఆంటిమొని అనే రెండు ధాతువుల కథ వేరు. మొదటిదాని ఖనిజం తెలుగు నేలలో అపారంగా ఉన్నా, ఆ ధాతువుకు మనకు పేరు లేదు. రెండవదానికి సంస్కృతం నుండి వచ్చిన ప్రాచీనమైన పేరుంది గాని, ఖనిజం మాత్రం దూరదేశాలది. పేరు ఒక దారిలో, సరుకు మరొక దారిలో సాగిన ఈ చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1443లో విజయనగరాన్ని దర్శించిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి ఉత్సవ వర్ణనలో బాణసంచాను ప్రస్తావించాడు. సింహాచల ప్రాంతాన్ని కూడా ఏలిన ప్రతాపరుద్ర గజపతి పేరిట ‘కౌతుకచింతామణి’ అనే సంస్కృత గ్రంథం ఉంది. అందులోని మందుగుండు యోగాలను పి.కె. గోడే భారతీయ బాణసంచా చరిత్రపై 1953లో వెలువడిన తన రచనలో చర్చించాడు. 1516లో కృష్ణదేవరాయలు సింహాచలం వరకు దండెత్తి వచ్చి శాసనం వేయించింది ఈ గజపతి కాలంలోనే. ఆ యోగాలలో గంధకం, బొగ్గు, ఉక్కురజనులతో పాటు రాగిచిలుము, అరిదళం కనిపిస్తాయి. మంటకు పచ్చని ఛాయ తేవాలంటే ఆనాటి వారికి దొరికినది రాగిచిలుమే. అయితే సూరేకారం, బొగ్గుల మంటకు సహజమైన బంగారు వన్నెలో ఆ పచ్చదనం చాలావరకు కలిసిపోతుంది. పాత బాణసంచా శోభ రంగులలో కంటె రవ్వలలోనే ఎక్కువ.

‘మతాబు’ పారశీకపు మాట. ‘మహతాబ్’ అంటే వెన్నెల. ఐరోపాలో ‘బెంగాల్ దీపం’ పేరుతో ప్రసిద్ధమైన కాంతిమందు కూడా ఇటువంటిదే. సూరేకారం, గంధకాలకు ఆంటిమొని సల్ఫైడు చేర్చి దానిని తయారుచేసేవారు. ఈ సల్ఫైడే శాస్త్రగ్రంథాలలోని అంజనం. ఇక్కడ భాష కొంత తికమక పెడుతుంది. రసశాస్త్రం సౌవీరాంజనం, స్రోతోంజనం, నీలాంజనం, రసాంజనం, పుష్పాంజనం అని అయిదు రకాలు చెబుతుంది. వీటిలో రసాంజనం మొక్కల కషాయం నుండి వచ్చేది. లోకవ్యవహారంలో దీపపు మసితో చేసిన కాటుకా అంజనమే, పాతిపెట్టిన ధనం చూపిస్తుందనుకునే మాంత్రికుని లేపనమూ అంజనమే. బజారులో సురమా పేరుతో అమ్మిన నల్లని పొడి తరచుగా సీసపు ఖనిజమైన గెలీనా. కంటికి పెట్టుకునేవారికి ఈ తేడా తెలిసేది కాదు. మందు కూరేవానికి అది తెలియక తీరదు. ఆంటిమొని సల్ఫైడు సుమారు 550 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి కొవ్వొత్తి మంటకే లొంగిపోతుంది. గెలీనా కరగాలంటే దాదాపు రెట్టింపు వేడి కావాలి. త్వరగా అంటుకొనే ఈ గుణమే అంజనాన్ని బాణసంచాకు ఉపయుక్తం చేసింది. పొటాషియం క్లోరేటుతో కలిపినపుడు చిన్న రాపిడికే పేలేటంత ప్రమాదకరం చేసింది కూడా ఆ గుణమే.

బేరియం చరిత్ర ఇంత పాతది కాదు. 1774లో షీలే దీనిని కొత్త ‘మృత్తిక’గా గుర్తించగా, 1808లో డేవీ లోహంగా వేరుచేశాడు. 1780ల చివర బెర్తొలే కనుగొన్న క్లోరేటు వాడుకలోకి వచ్చాకే, పందొమ్మిదవ శతాబ్దంలో నిండైన ఆకుపచ్చ మంట సాధ్యమైంది. మంటలో బేరియం క్లోరినుతో కలిసినపుడే ఆ రంగు పుడుతుంది. ఇందుకు శుద్ధి ముఖ్యం. సోడియం కొద్దిగా కలిసినా పసుపు వెలుగు పచ్చదనాన్ని మింగేస్తుంది.

బేరియం ఖనిజమైన బెరైటీసును కడప సీమలో ‘ముగ్గురాయి’ అంటారు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై భూగర్భ సర్వే గ్రంథం వెలువరించాడు. కౌల్సన్ 1933లో దత్తమండలాల బెరైటీసుపై ప్రత్యేక గ్రంథమే రాశాడు. పులివెందుల ప్రాంతపు తెల్లని సిరలను చూస్తే ముగ్గుతో పోలిక సహజమనిపిస్తుంది. మంగంపేటలోని రాయి ఎక్కువభాగం బూడిదరంగుది, అయినా పేరు మారలేదు. అక్కడి నిల్వను సుమారు 7.4 కోట్ల టన్నులుగా అంచనా వేశారు. ఒకేచోట ఉన్న బెరైటీసు నిక్షేపాలలో ప్రపంచంలో ఇదే అతిపెద్దదని ప్రసిద్ధి. ఈ రాయిలో అధికభాగం చమురు బావుల తవ్వకంలో వాడే బరువైన బురదకు పోతుంది. నీటిలో కరగని ముగ్గురాయి నేరుగా మంటకు రంగునివ్వదు. బొగ్గుతో కలిపి వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి సల్ఫైడుగా మార్చి, తర్వాత నత్రికామ్లంతో నైట్రేటు చేయాలి. అలా కరిగే గుణం రాగానే అది విషమవుతుంది.

చట్టం ఈ సరుకులను ఒక్కొక్కటిగా పట్టుకుంది. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టానికి అనుబంధంగా 1992లో వచ్చిన ప్రకటన క్లోరేటు, గంధకాల మిశ్రమాన్ని నిషేధించింది. 2017 జులై 31న సుప్రీంకోర్టు ఆంటిమొనితో పాటు లిథియం, పాదరసం, ఆర్సెనిక్, సీసాలను బాణసంచాలో వాడరాదని ఆదేశించింది. 2018 అక్టోబరు 23న బేరియం లవణాలను నిషేధించింది. 2021లో ఆ నిషేధాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. మెరుగుపరచిన సూత్రంతో బేరియం వాడుకుంటామన్న వినతిని 2023 సెప్టెంబరులో తిరస్కరించింది. 2024 సెప్టెంబరులో చైనా ఆంటిమొని ఎగుమతులపై ఆంక్షలు విధించింది. ఇక్కడి బాణసంచాకు మాత్రం ఆ తలుపు అప్పటికే ఏడేళ్లుగా మూసి ఉంది.

నిషేధాలు పొగలోని విషాన్ని తగ్గించవచ్చు గాని, మందు కూరే చేతికి ఉన్న అపాయాన్ని తొలగించలేవు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో జరిగిన పేలుడులో ఎనిమిదిమంది మరణించారు. ‘హరిత బాణసంచా’ అనే కొత్త పేరు పర్యావరణానికి సంబంధించినదే గాని, మంట రంగుకు కాదు. బేరియం లేకుండా ఆకుపచ్చ కావాలంటే మిగిలిన దారులు బోరాన్ సమ్మేళనాలు, ‘కౌతుకచింతామణి’ ఎరిగిన రాగి.