మూడవ వంతు హక్కు : వసీయత్ చరిత్రలో ఒక అధ్యాయం

తెలుగువారు వాడుకలో ‘వీలునామా’ అంటున్న మాటలో రెండు భాషలు కలిసి ఉన్నాయి. ఇంగ్లీషు ‘విల్’కు పారసీక ‘నామా’ చేరి కచేరీల ద్వారా ఆ మాట పల్లెలకు వచ్చింది. అంతకు ముందు నుంచీ ‘మరణశాసనం’ అన్న మాట ఉన్నది. మరణశాసనమంటే చనిపోయేవాని ఆజ్ఞ. తన ఆస్తి తన ఇష్టం, ఎవరికైనా ఎంతైనా వ్రాయవచ్చుననే భావం అందులో ధ్వనిస్తుంది. షరీఅత్ చెప్పే ‘వసీయత్’ అటువంటిది కాదు. అది హద్దులు గల అధికారం. ఆ హద్దులు ఎట్లా ఏర్పడ్డాయో, వాటి లోపల మనకు మిగిలిన బాధ్యత ఏమిటో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇస్లాంకు పూర్వం అరబ్బులలో ఆస్తి సాధారణంగా ఆయుధం పట్టగల పురుషులకే దక్కేది. స్త్రీలకు, పసివారికి భాగం ఉండేది కాదు. దివ్య ఖుర్ఆన్ మొదట అల్ బఖరా సూరా 180వ ఆయతులో, మరణం సమీపించినవాడు తల్లిదండ్రుల కొరకు, దగ్గరి బంధువుల కొరకు వసీయత్ చేయాలని విధించింది. తరువాత అన్నిసా సూరా 11, 12 ఆయతులు వారసుల వాటాలను నిర్ణయించాయి. వాటాలు నిర్ణయమైన పిదప వారసునికి వసీయత్ లేదని మహాప్రవక్త (స) స్పష్టపరిచారు. ఇక వసీయత్ వారసులు కానివారి కొరకు, ధర్మకార్యాల కొరకు మిగిలింది.

ఎంత వరకు అన్న ప్రశ్నకు సమాధానం హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఉదంతంలో ఉన్నది. ఆయన మక్కాలో తీవ్రంగా జబ్బుపడి, తనకు ఒక్క కుమార్తె మాత్రమే ఉన్నదనీ, ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయవచ్చునా అనీ అడిగారు. మహాప్రవక్త (స) వద్దన్నారు. సగమన్నా వద్దన్నారు. మూడవ వంతుకు అనుమతిస్తూ, అదీ ఎక్కువేనన్నారు. వారసులను యాచకులుగా వదలడం కన్నా కలిగినవారిగా వదలడం మేలని కారణం కూడా తెలిపారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) అయిదవ వంతుతోనే తృప్తిపడ్డారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి.

మన దేశంలో ఈ శాస్త్రం కోర్టులకు చేరిన దారి అనువాదాల దారి. మర్గీనానీ ‘హిదాయా’ను చార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషులో వెలువరించాడు. అదీ అరబ్బీ మూలం నుంచి కాక, పారసీక అనువాదం నుంచి చేసినది. హిదాయాలో వసీయత్ ప్రకరణం ఉన్నది గాని వారసత్వ వాటాల ప్రకరణం లేదు. ఆ లోటు తీర్చడానికి విలియం జోన్స్ 1792లో సజావందీ ‘సిరాజియ్యా’ను అనువదించాడు. వసీయత్‌ను ఒక పుస్తకంలో, వారసత్వాన్ని మరొక పుస్తకంలో చదివిన న్యాయమూర్తులు తీర్పులు చెప్పారు. హైదరాబాదులో 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా న్యాయశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది.

బ్రిటిషు ప్రభుత్వం ముస్లింల వీలునామాను ప్రత్యేకంగానే ఉంచింది. 1925 భారత వారసత్వ చట్టంలోని వీలునామాల భాగం ముస్లింలకు వర్తించదు. అందువల్ల ఇద్దరు సాక్షులు సంతకం చేయకపోయినా వసీయత్ చెల్లుతుంది. నోటిమాటగా చేసినా చెల్లుతుంది. అయితే నోటిమాటను కోర్టులో రుజువు చేయడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. 1937 షరీఅత్ చట్టం వారసత్వానికి షరీఅత్‌నే ప్రమాణం చేసింది గాని, వ్యవసాయ భూమిని ఆ సెక్షనులోనే మినహాయించింది. ఈ ఒక్క మినహాయింపు చాలు, భూమి గల ముస్లిం న్యాయవాదిని ఎందుకు సంప్రదించాలో తెలియడానికి.

పెద్ద ఆస్తులు తేలడానికి ఎంత కాలం పడుతుందో హైదరాబాదు చరిత్రే చెబుతుంది. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949 మార్చి 2న మరణించారు. ఆయన అవివాహితులు, సంతానం లేదు. ఆస్తి నిర్వహణకు ప్రభుత్వం కమిటీని నియమించవలసి వచ్చింది. 1951లో దివాన్ దేవిడిలో మ్యూజియం తెరిచారు గాని, బంధువులతో రాజీ 1958 వరకు కుదరలేదు. 1948లో నిజాం ప్రభుత్వం పేరిట లండను బ్యాంకులో ఉన్న పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ముపై తగాదా 2019 అక్టోబరులో గాని తీర్పుకు రాలేదు. నవాబుల వారసులు అంత కాలం ఆగగలిగారు. సామాన్యుని పిల్లలు ఆగలేరు.

సామాన్యుని మాట రాగానే పాశమైలారం గుర్తుకు రావాలి. పటాన్‌చెరు పరిసరాలలో ఒకనాటి సేద్యపు భూములు పారిశ్రామికవాడలయ్యాయి. వాటితో పాటు తగాదాలూ పెరిగాయి. పాత పత్రాలు ఉర్దూలో ఉంటాయి, 1954–55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెనక్కు వెళ్ళవలసి వస్తుంది. 2025 జూన్ 30న అక్కడి సిగాచీ ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు మరణించారు. చావు వృద్ధాప్యం కొరకు కనిపెట్టుకొని ఉండదని ఆ ప్రమాదం చాటింది.

ఇటువంటి మరణాల వెనుక ఒక షరీఅత్ సమస్య ఉన్నది. తండ్రి బ్రతికి ఉండగా కొడుకు చనిపోతే, తాతకు మరొక కొడుకు ఉన్నట్లయితే, చనిపోయిన కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వం రాదు. దీనిని చూపి షరీఅత్ అనాథలను విస్మరించిందనేవారు ఉన్నారు. వారు వసీయత్‌ను విస్మరిస్తున్నారు. ఆ పిల్లలు వారసులు కారు గనుకనే తాత వారికి మూడవ వంతు దాకా వ్రాయగలడు. వారసులు కాని దగ్గరి బంధువులకు వసీయత్ చేయడం విధి అని ఇబ్న్ హజ్మ్ వాదించారు. ఈజిప్టు 1946లో ఈ ఆలోచనను ఆధారం చేసుకొని, తాత వ్రాయకపోయినా వ్రాసినట్లే భావించే ‘విధి వసీయత్’ చట్టం చేసింది. పాకిస్తాను 1961లో మనుమలకు తండ్రి వాటానే ఇచ్చింది. దీనిపై ఉలమాలలో విమర్శ ఉన్నది. మన దేశంలో అటువంటి చట్టం లేదు. కాబట్టి ఇక్కడ ఆ పిల్లల భవిష్యత్తు తాత కలం మీదనే ఆధారపడి ఉన్నది.

లెక్క చూద్దాం. అంత్యక్రియలు, అప్పులు, చెల్లించని మహర్ పోగా తాత ఆస్తి 36 లక్షలనుకొందాం. మహర్ కూడా అప్పేనని మరువరాదు. మనుమలకు 12 లక్షలు వ్రాస్తే 24 మిగులుతుంది. భార్యకు ఎనిమిదవ వంతు 3 లక్షలు, కొడుకుకు 14, కూతురుకు 7. ఎవరి హక్కూ పోలేదు, అనాథలు వీధిన పడలేదు. వసీయత్ లేకుంటే ఆ పిల్లలకు దక్కేది బాబాయి దయ మాత్రమే.

న్యాయవాది సహాయం ఇక్కడే అవసరం. నామినీగా పేరున్నంత మాత్రాన సొమ్ము అంతా అతనిదే కాదని సుప్రీంకోర్టు 1983లో జీవిత బీమా విషయంలో, 2023లో కంపెనీ షేర్ల విషయంలో తేల్చింది. బీమా చట్టాన్ని మాత్రం 2015లో సవరించి, భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే వేరే నియమం పెట్టారు. ఏది వారసత్వపు ఆస్తి, ఏది నేరుగా కుటుంబానికి చెందేది అన్నది చట్టం తెలిసినవారు చెప్పాలి. 1954 ప్రత్యేక వివాహ చట్టం క్రింద పెళ్ళి చేసుకొన్నవారి వారసత్వం వేరు. మరణవ్యాధిలో చేసిన హిబా కూడా మూడవ వంతుకే పరిమితం. హనఫీ విధానంలో మూడవ వంతు మించినా, వారసునికి వ్రాసినా, తక్కిన వారసుల సమ్మతి మరణానంతరం కావాలి. షియా విధానంలో మూడవ వంతు లోపల వారసునికీ వ్రాయవచ్చు. వాటాలకు ఆలింను, పత్రానికి వకీలును, ఇద్దరినీ అడగడం మంచిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు గాని చేయిస్తే తగాదా తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. కూతురి వాటా తగ్గించడానికి కొందరు వకీలు వద్దకు వెళుతున్నారు. ఖుర్ఆన్ వసీయత్‌ను చెబుతూనే ఎవరికీ హాని కలుగరాదని షరతు పెట్టింది. హక్కుదారుని హక్కు తీయడానికి కాక, హక్కు లేని ఆప్తుని ఆదుకొనడానికే మూడవ వంతు మన చేతికి ఇవ్వబడింది. వసీయత్ చేయవలసినది ఉన్న ముస్లిం అది వ్రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని మహాప్రవక్త (స) బోధించారు. మనలో ఎందరు ఎన్ని వేల రాత్రులు గడిపామో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.