పటములలోని పట్టణములు

తాను చూడని నగరమును చిత్రకారుడు దేనిని చూచి చిత్రించును? తన యూరినే చూచి యని మా యభిప్రాయము. నూజివీటి చిత్రకారుడు స్వర్గమును చిత్రించినచో నందనవనమున మామిడిచెట్లు నాటకుండునా? కావున కల్పితనగరములను వట్టి కల్పనలని చరిత్రకారులు త్రోసివేయరాదు.

చిత్రమునకు తోబుట్టువైన శిల్పమున ముందొక నిదర్శనము చూతము. అమరావతి స్తూపపు వర్తులఫలక మొకటి నేడు చెన్నపురి ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నది. అది క్రీ. శ. 2వ శతాబ్దినాటిది. నళగిరి యను మదపుటేనుగు రాజగృహపు వీథిలో జనులను త్రొక్కుచు వచ్చి బుద్ధుని పాదములకడ మోకరిల్లుట అందలి కథ. ఒక ప్రక్క పురద్వారము. వెనుక మేడల గవాక్షములనుండి తొంగిచూచు జనులు. బుద్ధుని కాలమునకును ఈ శిలకును నడుమ సుమా రాఱు శతాబ్దులు గడచినవి. ఇక నాద్వారమును, ఆ మేడలును కృష్ణాతీరమున శిల్పి కన్నులకు కట్టినవే యని తలంపక తప్పదు.

మన ప్రబంధకవులకు పురవర్ణనము అష్టాదశవర్ణనములలో నొకటి. కోటలు, అగడ్తలు, మేడలు, ఉద్యానములు అందు వెలయును. కాని మగ్గమే కథకు మూలమైన పురమును చూడగోరువారు తెలంగాణమునందలి చేర్యాలకు పోవలయును. అచ్చటి నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల గంజియు, సుద్దమన్నును, బంకయు పట్టించి, ఎఱ్ఱని నేలపై వరుసలు వరుసలుగా కథలు వ్రాయుదురు. పద్మశాలీలకు కూనపులివారును, మాదిగలకు డక్కలివారును అట్టి పటములను విప్పి కులపురాణములు చెప్పుదురు. దేవతలకు వస్త్రములు నేసినవాడు పద్మశాలీల మూలపురుషుడగు భావనాఋషి. ఆ స్వర్గమున నేతగాడు లేనిదే దేవతలకు కట్టుబట్ట లేదు! ఇట్టి పురమును ఏ యాస్థానకవి కల్పించెను?

అయితే ఈ పటములందును ఒక కొఱత గలదు. సాలెల కథ ప్రధానముగా సాలెలకే, మాదిగల కథ మాదిగలకే. కులమున కొక పురము. నడుమ కంటికి కానరాని ప్రాకారము. చలనచిత్రములును, టెలివిజనును వచ్చిన పిదప శ్రోతలు తగ్గిరి. చిత్రకారులు గోడకు తగిలించు చిన్నబొమ్మలు వ్రాసి జీవించుచున్నారు. అది వారి తప్పు కాదు. కాని కథను కోల్పోయిన బొమ్మ యెంత యందముగా నున్నను, అందలి పురము ఎవరిదో చెప్పజాలదు.

కావున శాసనములను బోధించు పాఠశాలలలో ఈ పటములను గూడ కథాసహితముగా బోధింపవలయును. ఎల్ల కులముల బాలబాలికలను ఒక్క చాపపై కూర్చుండబెట్టి చూపవలయును. సాలెల స్వర్గమును మాదిగపిల్లయు, మాదిగల జాంబపురాణమును బ్రాహ్మణపిల్లయు తమవిగా నెఱుగుట చరిత్రవిద్యలో మొదటి పాఠము కావలయునని మేము కోరుచున్నాము.