ఉపవాసం, బిలిరుబిన్: తొంభై ఏళ్ల పరిశోధన

ఉపవాసం ఉంటే రక్తంలో బిలిరుబిన్ పెరుగుతుంది. చాలామందిలో ఈ పెరుగుదల కంటికి కనిపించనంత స్వల్పం. కొందరికి మాత్రం ఒకటి రెండు రోజులు తిండి తగ్గితే చాలు, కళ్లు పచ్చబడతాయి. కాలేయం చెడిపోయిందేమోనన్న భయం పుట్టించే ఈ మార్పు వెనుక అసలు కారణం తేలడానికి దాదాపు తొంభై ఏళ్లు పట్టింది.

ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అది నశించాక దానిలోని హీమ్ విరిగి, పసుపు రంగు బిలిరుబిన్‌గా మారుతుంది. ఇది నీటిలో కరగదు కాబట్టి ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని కాలేయానికి చేరుతుంది. అక్కడ ఒక ఎంజైమ్ దానికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జోడిస్తుంది. అప్పుడది నీటిలో కరిగి, పైత్యరసంతో పాటు పేగుల్లోకి వెళ్లిపోతుంది. ఈ జోడింపు మందగిస్తే బిలిరుబిన్ రక్తంలోనే నిలిచిపోతుంది.

ఏ జబ్బూ లేకుండా కొన్ని కుటుంబాల్లో తరచూ కనిపించే స్వల్ప కామెర్లను 1901లో పారిస్ వైద్యులు ఆగస్టిన్ గిల్బర్ట్, పియర్ లెరెబూలే వర్ణించారు. నేడు దానినే గిల్బర్ట్ సిండ్రోమ్ అంటున్నారు. ఉపవాసంతో రక్తంలో ఈ రంగు పదార్థం పెరుగుతుందని గిల్బర్ట్, హెర్షర్ 1906లోనే గుర్తించారు. అయితే కచ్చితమైన కొలత అప్పటికింకా అందుబాటులో లేదు. పాల్ ఎర్లిక్ 1883లో కనుగొన్న డయాజో చర్యను ఆధారం చేసుకుని, డచ్ వైద్యుడు వాన్ డెన్ బర్గ్ 1916లో బిలిరుబిన్‌ను రెండు రకాలుగా విడదీశారు. ఆ రెండింటి మధ్య తేడా గ్లూకురోనిక్ ఆమ్లమేనని 1956-57 నాటి పరిశోధనలు నిరూపించాయి. గిల్బర్ట్ సిండ్రోమ్‌లో పెరిగేది ఆమ్లం జతకాని రకం. ఇది ఉన్నవారి కాలేయంలో జోడింపు ఎంజైమ్ పనితనం తక్కువగా ఉంటుందని 1969లో బ్లాక్, బిల్లింగ్ చూపారు.

మరుసటి ఏడాది అమెరికాలో ఫెల్షర్ బృందం ఆహారంలో కేలరీలు తగ్గేకొద్దీ వీరిలో బిలిరుబిన్ పెరుగుతుందని ప్రకటించింది. దీని నుంచే ఒక పరీక్ష రూపుదిద్దుకుంది. రోగికి ఒకటి రెండు రోజులు రోజుకు 400 కేలరీలే ఇచ్చి, ముందూ తర్వాతా బిలిరుబిన్ కొలిచేవారు. లండన్‌లో ఓవెన్స్, షీలా షెర్లాక్ 1973లో రోగనిర్ధారణలో దీని ఉపయోగాన్ని పరిశీలించారు. కాలేయ జబ్బు వల్ల వచ్చే కామెర్ల నుంచి గిల్బర్ట్ సిండ్రోమ్‌ను వేరుచేయడమే ఈ పరీక్ష ఉద్దేశం.

ఉపవాసం ఎందుకు పెంచుతుందన్న ప్రశ్నకు మాత్రం ఒకే సమాధానం దొరకలేదు. హీమ్‌ను విరిచే ఎంజైమ్ ఆకలితో చురుకవుతుందని 1972లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. కేలరీలు తగ్గించకుండా కొవ్వును మాత్రం మానిపించినా గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవారిలో బిలిరుబిన్ పెరిగిందని 1976లో గొల్లన్ బృందం తెలిపింది. తిండి లేనప్పుడు పేగుల కదలిక మందగించి, బిలిరుబిన్ తిరిగి రక్తంలోకి చేరుతుందని 1996లో ఎలుకల్లో గమనించారు. అంటే ఉత్పత్తి పెరగడం, విసర్జన తగ్గడం, పేగుల నుంచి తిరిగి రావడం కలిసి పనిచేస్తాయన్నమాట. జోడింపు ఎంజైమ్ పుష్కలంగా ఉన్నవారు ఈ భారాన్ని తట్టుకుంటారు. అది తక్కువైన వారిలో భారం కంటి రంగుగా బయటపడుతుంది.

ఆ కొరతకు మూలం 1995లో తెలిసింది. యూజీటీ1ఏ1 అనే జన్యువును నడిపే భాగంలో టీఏ అనే జంట అక్షరాలు మామూలుగా ఆరుసార్లు వస్తాయి. గిల్బర్ట్ సిండ్రోమ్ ఉన్నవారిలో అవి ఏడుసార్లు ఉంటాయని బోస్మా బృందం కనుగొంది. జన్యు పరీక్ష వచ్చాక ఉపవాస పరీక్ష అవసరం తగ్గింది. అది నేర్పిన విషయానికి విలువ మాత్రం తగ్గలేదు. ఏకాదశి ఉపవాసంలోనో రంజాన్ మాసంలోనో కళ్లు కాస్త పచ్చబడి, మామూలుగా తినగానే తగ్గితే, మిగతా కాలేయ పరీక్షలు సరిగా ఉంటే, మొదట అనుమానించాల్సింది ఈ హానిలేని స్థితినే. ఆమ్లం జతకాని బిలిరుబిన్ మూత్రంలోకి దిగదు. కాబట్టి మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం పాలిపోయినా, జ్వరం వచ్చినా కారణం వేరే ఉండవచ్చు. అప్పుడు వెంటనే వైద్యుని చూడాలి.