హీమోప్రెసిన్

రక్తంలోని హీమోగ్లోబిన్ ఆల్ఫా గొలుసు నుంచి తెగివచ్చే చిన్న పెప్టైడ్. 2003లో బ్రెజిల్ పరిశోధకులు దీన్ని ఎలుక మెదడు నుంచి వేరుచేశారు. రక్తపోటును తగ్గించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇందులో అమైనో ఆమ్లాలు తొమ్మిది: ప్రోలీన్‌తో మొదలై హిస్టిడిన్‌తో ముగుస్తాయి. ఎలుకలో ఆరో స్థానంలో ఫినైల్అలనిన్ ఉంటే, మనిషిలో అక్కడ లూసీన్ ఉంటుంది.

గంజాయిలోని టీహెచ్‌సీ పనిచేసే సీబీ1 గ్రాహకానికే ఇదీ అతుక్కుంటుందని 2007లో తేలింది. అయితే పని మాత్రం తలకిందులు: గ్రాహకపు సహజ చురుకుదనాన్ని కూడా అణచివేస్తుంది. ఎలుకలకిస్తే మేత తగ్గిస్తాయి. అప్పటిదాకా ఈ గ్రాహకాలకు శరీరం తయారుచేసే అణువులంటే ఆనందమైడ్ వంటి కొవ్వు పదార్థాలే.

2009లో ఎలుక మెదడులో దీనికంటే పొడవైన రూపాలు దొరికాయి. ముందు ఆర్జినిన్, వాలీన్, ఆస్పార్టిక్ ఆమ్లం చేరిన పన్నెండు అమైనో ఆమ్లాల రూపాన్ని పెప్‌కాన్-12 అంటారు. ఇది సీబీ1ను ఉత్తేజపరుస్తుందని మొదట చెప్పారు. 2012 నాటి పరిశోధన మాత్రం, గ్రాహకంలో వేరే చోట అతుక్కుని దాని స్పందనను తగ్గిస్తుందని చూపింది. మెదడులో ఇది లోకస్ సెరూలియస్‌లోని నారడ్రినలిన్ కణాల్లో కనిపిస్తుంది.

అసలు చిక్కు హీమోప్రెసిన్‌తోనే. పొడవైన రూపాల్లో దాని ముందుండే ఆస్పార్టిక్ ఆమ్లం, ప్రోలీన్‌ల మధ్య బంధం వేడి ఆమ్లంలో ఇట్టే తెగుతుంది. మెదడు కణజాలం నుంచి పెప్టైడ్లను రాబట్టే పద్ధతిలో వాడేదీ వేడి ఆమ్లమే. కాబట్టి హీమోప్రెసిన్ పరీక్షనాళికలో పుట్టిన ముక్క కావచ్చన్న అనుమానం బలమైనదే.