జీనువాయి నుండి జీబ్రా ఫించి వరకు

ఇంట పక్షులను పెంచు అలవాటు మనకు కొత్తది కాదు. చిలుకయు, గోరువంకయు మన ఇండ్లలోను, మన కథలలోను ఏనాటి నుండియో ఉన్నవి. కాని వలకంచె వేసిన ఒకే గదిలో నాలుగైదు జాతుల చిన్న పిట్టలను కలిపి విడిచి, అవి గూళ్లు కట్టి పిల్లలు చేయుట చూచి ఆనందించు వేడుక మన నగరములలో ఇటీవలిది. హైదరాబాదులోని జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతములలో ఇంటి వెనుక కాస్త నీడ, కాస్త చోటు ఉన్నవారికి ఇందుకు వీలున్నది. ఒక జాతితో ఆరంభించినవారికి త్వరలోనే మరియొక జాతిని చేర్చవలెనను కోరిక పుట్టును. ఏ జాతిని చేర్చవలెను? ఈ ప్రశ్నకు అంగడి చెప్పు సమాధానము రంగును బట్టి, ధరను బట్టి ఉండును. చరిత్ర చెప్పు సమాధానము వేరు.

ఫించి అను పేరుతో పంజరములలో పెరుగు పిట్టలలో పెక్కు మన పొలములలోని జీనువాయికి జ్ఞాతులే. జీనువాయిని ఉత్తరాదివారు మునియా అందురు. ఎర్ర జీనువాయికి లీనియస్ 1758లో పెట్టిన శాస్త్రనామము ‘అమందవ’. అది అహమదాబాదు అను మాటకు వికృతి. ఆ నగరము నుండి ఈ పిట్టలు సీమకు ఎగుమతి యగుచుండుటచే ఆ పేరు వచ్చినది. అనగా ఈ పక్షికి అది పుట్టిన పొలము పేరు గాక, అమ్ముడుపోయిన అంగడి పేరు నిలిచినది. నెల్లూరులో వైద్యాధికారిగా ఉండిన జెర్డన్ దొర 1862-64 సంవత్సరములలో ప్రచురించిన భారతదేశ పక్షుల గ్రంథములో తెలుగు పేర్లను కూడ పొందుపరచినాడు. 1931-32లో సాలిం అలీ హైదరాబాదు సంస్థానమంతట సంచరించి ఇచ్చటి పక్షులను పరిశీలించినాడు. జూబిలీ హిల్స్ ఆనాటికి నగరము వెలుపలి రాతికొండలే.

పండితులు పేర్లు వ్రాయుచుండగా వేటకాండ్రు వలలు పన్నుచునే ఉండిరి. జీనువాయిలను గుంపులుగా పట్టి, ఇరుకు బుట్టలలో కుక్కి నగరములకు పంపుచుండిరి. దారిలోనే చచ్చునవి అనేకము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో జరిగిన సవరణ ఈ వ్యాపారమునకు తలుపు మూసినవి. కనుక నేడు జీనువాయిని పట్టుటయు, అమ్ముటయు, కొనుటయు నేరమే. అయినను దానికి అద్దకపు రంగులు పూసి, విదేశీయ జాతియని అమ్ముట కద్దు. కొనువారు ఏమరుపాటున ఉండరాదు.

మనకు హెచ్చరిక వంటిది జావా పిచ్చుక కథ. బూడిదవన్నె మేను, తెల్లని చెంపలు, ఎర్రని ముక్కు గల ఈ పిట్ట ఆసియా ఖండమంతట పంజరములకెక్కినది. దాని జన్మభూమియైన జావా, బాలి ద్వీపములలో మాత్రము పట్టగా పట్టగా అరుదైపోయినది. 1997లో దానిని సైటీస్ అను అంతర్జాతీయ ఒడంబడిక రెండవ అనుబంధములో చేర్చిరి. మన దేశమున 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ననుసరించి, అట్టి పట్టికలోని ప్రాణులను ఉంచుకొనువారు రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని యొద్ద నమోదు చేయించుకొనవలెను.

ఇందుకు భిన్నమైనది బెంగాలీ ఫించి కథ. పేరు బెంగాలీయే గాని, దీనిని రూపొందించినది జపాను. తెల్లనడుము జీనువాయిని 18వ శతాబ్ది ప్రాంతమున చైనా నుండి తెచ్చి, తరతరములుగా పెంచి, అడవిలో ఎచ్చటను కానరాని సాధుపక్షిగా మార్చిరి. జీబ్రా ఫించి స్వస్థలము ఆస్ట్రేలియా మెట్టభూములు. గౌల్డు పండితుడు 1844లో తన దివంగత భార్య ఎలిజబెత్తు పేర ప్రకటించిన గౌల్డియన్ ఫించి కూడ ఆ దేశపుదే. ఆస్ట్రేలియా ప్రభుత్వము 1960లో తమ పక్షుల ఎగుమతిని నిషేధించినది. అయినను లోకములో వీటికి కరవు రాలేదు. అప్పటికే పెంపకందార్ల ఇండ్లలో వాటి తరములు స్థిరపడియుండెను. అడవి నుండి ఒక్క పిట్టనైన కోరక తన సంతతిని తాను నిలుపుకొను జాతియే పక్షిశాలకు తగినదని ఈ చరిత్ర బోధించుచున్నది.

కనుక ఎన్నుకొనువారు మొదట అడుగవలసినది ధర కాదు, ఆ పిట్ట పుట్టిన చోటు. అతుకులేని కాలికడియము చిన్ననాటనే, పిల్ల గూటిలో ఉన్న కొలది దినములలోనే తొడుగ వీలగును. అట్టి కడియము పెంపకమున పుట్టినదనుటకు మంచి సాక్ష్యము. రెండవది, దగ్గర జ్ఞాతులను కలుపరాదు. కలిపినచో సంకరము ఏర్పడి రెండు జాతుల సంతతియు చెడును. మూడవది, తన పిల్లలను తానే సాకు జంటను కోరవలెను. గౌల్డియన్ గ్రుడ్లను బెంగాలీ ఫించి క్రింద పొదిగించు వాడుక కలదు. కాని పరాయి తల్లి పెంచిన పిట్ట తన జాతిని మరచు ప్రమాదమున్నది. బెంగాలీ ఫించులు పెంచిన మగ జీబ్రా ఫించులు పెద్దవై బెంగాలీ ఆడుపిట్టలనే వరించినట్లు జర్మను శాస్త్రజ్ఞుడు ఇమ్మెల్మన్ 1969లో నిరూపించినాడు.

జీబ్రా ఫించి చొరవగలది, ఇతరుల గూళ్లను ఆక్రమించును. గౌల్డియన్ బిడియపుది. చోటు చాలనప్పుడు ఈ రెంటిని కలుపకుండుట మేలు. జంట ఒక్కటికి రెండేసి గూళ్లు అమర్చవలెను. కొత్తవానిని నెల దినములు వేరుగా ఉంచి, ఆరోగ్యము చూచి, పిమ్మట చేర్చవలెను. ఒక ఏట ఒక్క జాతిని మించి చేర్చకున్న, ఎవరితో ఎవరికి పొసగునో తెలియును. ఆహారమునకు కొర్రలు, సామలు, వరిగలు ఉండనే ఉన్నవి. సున్నపు సత్తువకు సముద్రపు నురుగు ముక్క చాలును. వేసవిలో కొండరాయి రాత్రి దాకా వేడిని వెడలగ్రక్కును గనుక, బండను ఆనుకొని పక్షిశాల కట్టరాదు.

ఇక జీనువాయి మాట. జూబిలీ హిల్స్ నడుమ ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి వనము 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడినది. అచ్చటి గడ్డిలో చుక్కల జీనువాయి గుంపులు నేటికిని గింజలు ఏరుకొనుచు కనుపించును. వాటిని చూడ కోరువారు పెరటిలో ఒక మూల గడ్డిని గింజపట్టనిచ్చి, ఒక మూకుడులో నీరు పోసి ఉంచిన చాలును. అవి తమంత తామే వచ్చును.