తెలుగు చలనచిత్రములయందు యువజనానురాగము

శృంగారరసమునకు స్థాయిభావము రతి. ఆ రతి నాయికానాయకు లిరువురియందును నిలిచినపుడే రసపదవి నందునని లాక్షణికుల సిద్ధాంతము. ఒకరియందే యుండి రెండవవారియందు లేనిది రసము గాదు, రసాభాసము. ఈ నియమమును విశ్వనాథుడు సాహిత్యదర్పణమున జెప్పెను. దానిని మిక్కిలి సూక్ష్మముగా విచారించినవాడు రాచకొండ నేలిన సింగభూపాలుడు. 14వ శతాబ్దివాడైన యీ రేచెర్ల ప్రభువు తన రసార్ణవసుధాకరమున శృంగారాభాసమును నాలుగు తెఱగులుగా విభజించి, మొదటిదానికి అరాగమని పేరిడెను. ఇరువురిలో నొకరికి అనురాగము లేకపోవుటయే అరాగము.

అచ్చట నతడు తానే యొక శంక నెత్తెను. శ్రీహర్షుని రత్నావళియందు నాయికకు వత్సరాజుపై మొదట ననురాగము పుట్టినది. రాజున కప్పటికి బుట్టలేదు. అదియు నాభాసము గావలదా యని శంక. సమాధానమును తర్కశాస్త్రమునుండి తెచ్చెను. అభావము ప్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము అని మూడు విధములు. కుండ పుట్టకముందు మట్టియందు కుండ లేకపోవుట ప్రాగభావము. పగిలిన పిమ్మట లేకపోవుట ప్రధ్వంసాభావము. వాయువునందు రూపము లేకపోవుట అత్యంతాభావము. దర్శనాదికారణములు కలిగినచో అనురాగము పుట్టుట కవకాశము గలదు గాన వత్సరాజునందలిది ప్రాగభావము. అది యాభాసము గాదు. కారణములన్నియు నుండియు అనురాగము పుట్టనిచోటను, పుట్టి నశించినచోటను ఆభాసమే. ఈ భేదమును చేతబట్టుకొని తెలుగు వాక్చిత్రముల చరిత్రను బరిశీలించినచో, యువతీయువకుల యనురాగమును చిత్రకర్తలు చూపిన తీరు ఎప్పు డెట్లు మాఱినదో తేటపడును.

తెలుగున తొలి వాక్చిత్రమైన భక్తప్రహ్లాద 1932లో వెలువడినది. ఆ యేడే శకుంతలకథయు తెఱ కెక్కెను. ఆ తొలినాళ్లలో యువజనానురాగము పురాణకథల చాటుననే కనబడుచుండెను. దానికి కారణము గలదు. అగ్రవర్ణముల యిండ్లలో బాలికకు రజస్వల కాకముందే వివాహము చేయుట యానాటి యాచారము. వలచుటకు దగిన వయసున అవివాహితయైన కన్యయే యింట లేనపుడు సాంఘికకథలో పూర్వరాగమునకు తావెక్కడిది? 1929లో శాసనమై 1930 ఏప్రిల్ 1వ తేదినుండి అమలునకు వచ్చిన శారదాచట్టము కన్యకు 14, వరునకు 18 ఏండ్లు కనీసవయసుగా నిర్ణయించెను. చట్టమువలన ఆచారము ఒక్కనాట మాఱలేదు గాని, కన్యయు తన మనసు చెప్పదగిన వయస్సు గలదను తలంపు లోకమున బ్రవేశించెను.

ఆ తలంపునకు 1938లో వచ్చిన మాలపిల్ల స్పష్టమైన రూపమిచ్చెను. గూడవల్లి రామబ్రహ్మము దర్శకుడు; గుడిపాటి వెంకటచలము కథకు తాపీ ధర్మారావు సంభాషణలు కూర్చెను. బ్రాహ్మణయువకుడగు నాగరాజును, మాలయింటి కన్యయగు శంపాలతయు పరస్పరము వలచిరి. అడ్డు వారి మనసులలో లేదు, ఊరి కట్టుబాటులో నున్నది.

ఇచ్చట శాస్త్రమునకే యొక చిక్కు వచ్చినది. అధమపాత్రగతమైన రతి యాభాసమని విశ్వనాథుడు చెప్పెను. సింగభూపాలుని నాలుగు తెఱగులలోను మ్లేచ్ఛరాగ మొకటి. ఆ లక్షణమును బట్టి చూచినచో శంపాలత వలపు హాస్యమునకు దగినదే గాని రసమునకు దగినది గాదు. కాని ఆ చిత్రమును తెలుగువారు విశేషముగా నాదరించిరి. నాయిక వలపును ఎవరును ఆభాసముగా దలపలేదు. లక్ష్యము ననుసరించునదే లక్షణమని వైయాకరణులు నమ్ముదురు. ప్రయోగము ప్రబలమైనపుడు సూత్రము సవరింపబడవలసినదే. జాతినిబట్టి యనురాగమునకు హెచ్చుతగ్గులు గట్టిన లక్షణము ఆనాడు సవరింపబడెను. శాస్త్రమును చలనచిత్రము దిద్దిన ఘట్ట మిది.

పిమ్మటి పదునైదేండ్లలో వచ్చిన ప్రేమకథలలో రెండు చిరస్మరణీయములు. 1951లో బి. ఎన్. రెడ్డి దర్శకత్వమున వాహినీవారు తీసిన మల్లీశ్వరి మొదటిది; దానికి మాటలను, పాటలను దేవులపల్లి కృష్ణశాస్త్రి వ్రాసెను. కృష్ణదేవరాయల కాలమున నొక పల్లెలోని బావామఱదండ్రులు చిన్ననాటినుండి యొకరి నొకరు వలచిరి. రాణివాసపు పల్లకి వారిని వేఱు చేసెను. ఇందును రాగము ఉభయనిష్ఠము, విఘ్నము బయటిది. అధికారము ఎంత చల్లనిదైనను వలచినవారి యిష్టము నడుగక చేసిన గౌరవము చెఱయే యగునని ఆ కథ చెప్పకయే చెప్పినది.

రెండవది 1953నాటి దేవదాసు. శరత్‌చంద్రుని వంగనవలకు వేదాంతం రాఘవయ్య తెఱరూప మిచ్చెను. రాత్రివేళ గడప దాటివచ్చి మనసు విప్పినది పార్వతి. తండ్రిమాటకు లొంగి వెనుకాడినవాడు దేవదాసు. పశ్చాత్తాపముతో మరలివచ్చి, ఆమె కాదనగా నుదుట గాయపఱచినవాడును అతడే. ఆ గాయమును కథ వలపుగుర్తుగా మలచుకొనెను. కొట్టిన చేతిని ప్రేమహస్తముగా జూపుట నేటి చిత్రములలోనే పుట్టినదని నిందించువారు ఈ ఘట్టమును మఱవరాదు. విత్తనము పూర్వులదే, చెట్టు మాత్రము తరువాత బెరిగినది.

మఱియొక విషయ మిచ్చట గమనింపదగియున్నది. విప్రలంభమున అభిలాషము మొదలు మరణమువఱకు పది దశలను లాక్షణికులు చెప్పిరి. కాని పదియవదియగు మరణమును వర్ణింపరాదనియు, అది రసవిచ్ఛేదహేతు వనియు, మరణప్రాయమైన స్థితిని మాత్రమే చూపవలయుననియు విశ్వనాథుడు నియమించెను. తెలుగు చిత్రములు ఈ నియమమును పాటింపలేదు. 1978లో కె. బాలచందర్ తీసిన మఱోచరిత్రలో తమిళయువకుడు బాలు, తెలుగుకన్య స్వప్న యొకరి భాష యొకరికి రాకయే వలచిరి. పెద్దలు విధించిన యేడాది యెడబాటును సహించి, కలియబోవు క్షణమున మృతినొందిరి. ఆ యేడే వివాహమునకు కన్యకు 18, వరునకు 21 ఏండ్లు కనీసవయసుగా చట్టము సవరింపబడెను. చట్టము వయసును బెంచినది గాని, ఆ వయసువఱకు పెరిగిన మనసులకు ఇంట తావు దొరకలేదను సత్యమును ఈ చిత్రము ప్రకటించినది. 1981లో భారతీరాజా తీసిన సీతాకోకచిలుకలో హిందూయువకునికి, క్రైస్తవకన్యకు మతము అడ్డయ్యెను. కాని ఇచ్చట యువజనులు చావలేదు. ఈ రెంట విఘ్నములు భాష, మతము. రాగము మాత్రము పూర్వమువలెనే ఉభయనిష్ఠము.

కళాశాలలలో బాలబాలికలు కలిసి చదువుట సాధారణమైన పిమ్మట కథాస్థలము ఇంటినుండియు, పల్లెనుండియు కళాశాలకు మాఱెను. నాయికానాయకుల వయసు తగ్గెను. 2000లో తేజ తీసిన చిత్రము అను సినిమాలో నాయికానాయకులు ఇంటర్మీడియటు విద్యార్థులు. నాయిక గర్భవతి యగుటయు, చదువుచుండగనే యిరువురును దంపతు లగుటయు అందలి వస్తువు. 2012లో వచ్చిన బాలల లైంగికరక్షణచట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలలుగానే యెంచి, వారి యంగీకారమును అంగీకారముగా లెక్కింపలేదు. పండ్రెండేండ్ల యెడమున తెఱమీది యూహ యొకవైపును, శాసనము మఱియొకవైపును నడచినవి.

అంతకంటె ముఖ్యమైన మార్పు వేఱొకటి కలదు. పూర్వచిత్రములలో విఘ్నము రాజు, కులము, మతము. నూతనచిత్రములు పెక్కింట విఘ్నము నాయిక మనసే యయ్యెను. ఆమె వలదనును, నాయకుడు వెంటబడును, పాటలు పాడును, తుదకు ఆమె యొప్పుకొనును. ఈ తీరునకు 2004లో సుకుమార్ తీసిన ఆర్య విచారింపదగిన యుదాహరణము. ఏకపక్షానురాగమునే అది ప్రధానవస్తువుగా గ్రహించినది. అందు గీత అజయుని వరించుట తన యిష్టమున గాదు. మేడపైనుండి దూకుదునని యతడు బెదరింపగా నొప్పుకొన్నది. బెదరించి పుచ్చుకొన్న మాట అంగీకారము గాదని ఆ కథయే చూపినది. అది మెచ్చదగిన యంశము. కాని ఆర్యయు ఆమె నిరాకరణమును లెక్కింపక తన వలపును పదేపదే చాటుచుండును. కథాంతమున గీత మనసు అతనివైపు తిరుగును.

ఇది యాభాసము కాదని చిత్రపక్షమువారు వాదింపవచ్చును. గీతకు మొదట లేని యనురాగము తుదకు బుట్టినది గదా. కావున నది ప్రాగభావమే. సింగభూపాలుని మతమున దోషము లేదు. వాదము పైకి సరిగానే యున్నది. దానిలోని లోపము వేఱు. ప్రాగభావమును ప్రాగభావమని యెఱుగుట కార్యము పుట్టిన పిమ్మటనే సాధ్యము. కుండ పుట్టినపుడుగదా అంతకుముందున్నది కుండయొక్క ప్రాగభావమని చెప్పగలము! కథాంతము నెఱిగిన కవికి గీత మనసు ముందే తెలియును. వీధిలో నొక బాలిక వెంట నడచు యువకునకు ఆమె మనసున నున్నది ప్రాగభావమో, అత్యంతాభావమో తెలియు నుపాయము లేదు. ఆమె మాట యొక్కటియే ప్రమాణము. ఆ మాటను ప్రమాణముగా గొనక, ప్రతి నిరాకరణమును ప్రాగభావమని యూహించుటయే యీ చిత్రముల మూలదోషము. దోషము చేసినను భయపడనివానిని, బెదరించినను సిగ్గుపడనివానిని ధృష్టనాయకుడని లాక్షణికులు పేర్కొనిరి. వారు వానిని నాయకభేదములలో నొకనిగా మాత్రమే లెక్కించిరి, ఆదర్శముగా నిలుపలేదు.

శాస్త్రము చెప్పినదానిని రాజశాసనమును పిమ్మట చెప్పినది. 2013లో సవరింపబడిన భారతశిక్షాస్మృతి, స్త్రీ తన యనిష్టమును స్పష్టముగా దెలిపినను మాటిమాటికి వెంబడించుటను అపరాధముగా నిర్ణయించి, మొదటి నేరమునకు మూడేండ్లవఱకు కారాగారశిక్ష విధించెను. 2024 జులై 1వ తేదిన అమలునకు వచ్చిన భారతీయన్యాయసంహితయందును ఆ నిబంధన నిలిచినది. పూర్వరాగమని పాటలలో చూపబడినది న్యాయస్థానమున నేర మయ్యెను.

అయినను 2017లో సందీప్ రెడ్డి వంగా తీసిన అర్జున్ రెడ్డిలో నాయకుడు, నాయిక నోరు విప్పకముందే ఆమె తనదని తరగతిలో బ్రకటించును. ఆ చిత్రమును మెచ్చినవారును, గర్హించినవారును పెక్కండ్రు. నాయకుని దుఃఖము నటనచేత రసవంతముగా దోచినను, మూలమున నాయిక యనుమతి యడుగబడలేదను లోపము పూరింపబడలేదు.

తరువాతి చిత్రములలో రెండు మార్గములు కనబడుచున్నవి. మొదటిది మాలపిల్లనాటి మార్గమే. 2020లో సందీప్ రాజ్ తీసిన కలర్ ఫొటో నాయకుని మేనిచాయను, పేదఱికమును విఘ్నములుగా జూపెను. 2021లో బుచ్చిబాబు తీసిన ఉప్పెన జాలరియింటి యువకునకు, భూస్వామి కూతునకు నడుమనున్న కులపుగోడను జూపెను. రెండును ఉత్తమ తెలుగుచిత్రములుగా జాతీయపురస్కారము లందినవి. 1938లో నూరికట్టుపై వేసిన ప్రశ్నకు ఎనుబదియేండ్లు దాటినను సమాధానము రాలేదని యివి తెలుపుచున్నవి. రెండవ మార్గము క్రొత్తది. 2025లో రాహుల్ రవీంద్రన్ తీసిన ది గర్ల్‌ఫ్రెండ్ అను చిత్రమున సాహిత్యవిద్యార్థినియగు భూమ తనపై పెత్తనము చేయు యువకుని విడిచి బయటపడును. ఉండిన యనురాగము నశించుట, అనగా ప్రధ్వంసాభావము, ఇందు ప్రధానవస్తు వైనది. అనురాగము చచ్చిన పిమ్మట నిలుపబడిన బంధము ఆభాసమే యని సింగభూపాలుడు సూత్రప్రాయముగా జెప్పినదానిని ఈ కథ నాయికాపక్షమునుండి చెప్పినది.

కావున చరిత్ర రెండు ఘట్టములుగా దేలుచున్నది. జాతిచేత అనురాగము హీనమగునన్న శాస్త్రమును చలనచిత్రము దిద్దినది. ఒకరికి లేని యనురాగమును రెండవవారి పట్టుదలచే నింపవచ్చునన్న చలనచిత్రమును శాస్త్రము దిద్దవలసియున్నది. ఈ దిద్దుబాటు పాఠశాలలలో జరుగుటకు వీలున్నది. బాలురను సినిమాలు చూడవలదని కసరుట వ్యర్థము; వారు చూచుచునే యుందురు. వారి చేతనున్న పాఠ్యగ్రంథములలోనే ఔషధమున్నది.

అభిజ్ఞానశాకుంతలము మూడవ యంకమును పండితులు పాఠము చెప్పుచుందురు. దుష్యంతుడు రాజు, ఆజ్ఞాపింప సమర్థుడు. అయినను అతడు లతల చాటున నిలిచి, శకుంతల తన చెలులతో నేమి చెప్పునో వినుచున్నాడు. మొదటి యంకమున ఆమె దర్భ గ్రుచ్చుకొన్నదను నెపమున నిలిచి వెనుదిరిగి చూచినను, ఆ చూపొక్కటే చాలునని యతడు తలపలేదు. ఆమె తన నోట తన వలపు జెప్పి, తామరాకుపై గోట లేఖ వ్రాసి, దానిని చదివిన పిమ్మటనే యతడు చాటునుండి బయటికి వచ్చెను. లతల చాటునుండి యడుగు బయట బెట్టకముందు రాజునకు తెలిసిన దేమి, ఎవరివలన తెలిసినది, తెలియకున్న నతడు బయటికి రాదగునా అని గురువు విద్యార్థుల నడుగవలయును. ఆ ప్రశ్నకు తామే సమాధానము కనుగొన్న బాలురు, ఆ సాయంకాలము తెఱమీద నాయిక వలదనగా నాయకుడు నవ్వుచు వెంటబడుట చూచినపుడు, అది రసమో రసాభాసమో ఎవరును చెప్పకయే యెఱుగుదురు.