చెవితో నేర్చిన చదువు – 9: దొంగచాటుగా నేర్పిన మూడు పాటలు



నల్లవాళ్ల సంగీతం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఒక మాట అంటారు. అది వాళ్ల రక్తంలోనే ఉందట. డప్పు గురించి కూడా మనతో ఇదే మాట అంటారు. వినడానికి మెచ్చుకోలులా ఉంటుంది. కానీ రక్తంలో ఉన్నదానికి సాధన ఎందుకు, గురువు ఎందుకు? అంటే మీరు నేర్చుకున్నది ఏమీ లేదు, మీది విద్య కాదు అని చెప్పడమే కదా. అందుకే ఈసారి ఒక కుర్రాడు జాజ్ గిటార్ ఎలా నేర్చుకున్నాడో, ఎవరు నేర్పారో కాస్త వివరంగా చెప్తాను.

చార్లీ క్రిస్టియన్ 1916లో టెక్సాస్‌లోని బాన్హమ్‌లో పుట్టాడు, ఓక్లహోమా సిటీలో పెరిగాడు. తండ్రికి చూపు పోయింది. పిల్లల్ని వెంటబెట్టుకుని వీధుల్లో వాయించి కుటుంబాన్ని పోషించాడు. అదే ఊళ్లో పెరిగిన రచయిత రాల్ఫ్ ఎల్లిసన్ చార్లీ గురించి 1958లో ఒక వ్యాసం రాశాడు. చార్లీ బడిలో చుట్టల పెట్టెలతో గిటార్లు చేసుకునేవాడట. ఆ ఊళ్లో పరువు గల నల్ల కుటుంబాలకు జాజ్ అంటే చిన్నచూపు, అది కిందివాళ్ల గోల అనుకునేవారు. ఈ సంగతి మనకు కొత్తగా అనిపించదు. నాలుగు అక్షరాలు రాగానే ఇంట్లో డప్పును అటక మీద దాచిన వాళ్లు మనలోనూ ఉన్నారు.

చార్లీ అన్న ఎడ్వర్డ్ అప్పటికే ఊళ్లో పేరున్న పియానో వాద్యకారుడు. తమ్ముడికి బ్లూస్ తప్ప ఏమీ రాదని ఆయన లెక్క. అయితే రాల్ఫ్ హామిల్టన్ అనే గిటారిస్టు ఆ కుర్రాడికి దొంగచాటుగా మూడు పాటలు నేర్పాడు: రోజ్ రూమ్, టీ ఫర్ టూ, స్వీట్ జార్జియా బ్రౌన్.

ఇలాంటి పాటల్నే స్టాండర్డ్స్ అంటారు. నాటకాల నుంచో, సినిమాల నుంచో, ఊరూరా తిరిగే బ్యాండ్ల నుంచో వచ్చి అందరి నోటా నానిన పాటలివి. చాలావాటికి 32 బార్ల లెక్క ఉంటుంది. ఒక భాగం రెండుసార్లు వస్తుంది, మధ్యలో పాట దారి మళ్లుతుంది, తర్వాత మళ్లీ మొదటిది వస్తుంది. అన్నీ ఇలాగే ఉండవు గానీ ఎక్కువగా ఇదే వరస. పాట వరస ఒక్కటే వస్తే సరిపోదు. దాని కింద నడిచే కార్డ్స్ గుర్తుండాలి, వాటి మీద అప్పటికప్పుడు కొత్త వరస కట్టి వాయించాలి. ముక్కూ మొహం తెలియని నలుగురు కలిసి, రిహార్సల్ లేకుండా, పాట పేరు ఒక్కటి చెప్పుకుని మొదలుపెట్టగలుగుతారు. స్టాండర్డ్స్ రాకపోతే ఆ గుంపులో చోటు లేదు.

ఊళ్లో నల్లవాళ్ల వీధి డీప్ డ్యూస్. ఒక రాత్రి అక్కడ అందరూ కలిసి వాయిస్తున్నారు. తమ్ముడికి ఒక అవకాశం ఇవ్వమని పక్కవాళ్లు ఎడ్వర్డ్‌ని అడిగారు. ఆ పాత బ్లూస్ ఎవరికి కావాలి అని ఆయన కొట్టిపారేశాడు. బలవంతం చేస్తే ఒప్పుకున్నాడు. చార్లీ ఒకటి వాయించాడు, జనం మళ్లీ అడిగితే రెండోది, మూడోది కూడా వాయించాడు. వీధి హోరెత్తిపోయింది. అతను ఇల్లు చేరేలోపే కబురు తల్లి చెవిన పడింది.

ఆ మూడింట్లో ఒకటి అతని జీవితాన్ని మార్చింది. 1939 ఆగస్టులో జాన్ హమండ్ అనే నిర్మాత అతన్ని కాలిఫోర్నియాకు రప్పించి, బెన్నీ గుడ్‌మన్ బ్యాండ్ వాయిస్తున్న వేదిక మీదికి చెప్పాపెట్టకుండా ఎక్కించాడు. గుడ్‌మన్‌కి చిర్రెత్తింది. ఈ పల్లెటూరి గిటారిస్టుకు రాదనుకున్న పాట పేరు చెప్పాడట. ఆ పాట రోజ్ రూమ్! వాయింపు దాదాపు ముప్పావు గంట సాగిందని చెప్పుకుంటారు. తెల్లవారేసరికి చార్లీకి ఉద్యోగం దొరికింది. చరిత్ర పుస్తకాల్లో హమండ్ పేరు, గుడ్‌మన్ పేరు ఉంటాయి. నన్నడిగితే ముందు రాయాల్సింది ఆ పాట నేర్పిన హామిల్టన్ పేరు.

తర్వాత చార్లీ రాత్రులు న్యూయార్క్ హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో గడిచాయి. 118వ వీధి. పాతికేళ్ల ముందు బాబాసాహెబ్ చదివిన కొలంబియా యూనివర్సిటీ నుంచి నడిచి వెళ్లగలిగే దూరం. డబ్బు తీసుకోకుండా వాయించే జామ్ సెషన్లను సంగీతకారుల యూనియన్ నిషేధించింది, పట్టుబడితే జరిమానా. హెన్రీ మింటన్ ఆ యూనియన్ న్యూయార్క్ శాఖలో మొదటి నల్లజాతి ప్రతినిధి. అందువల్ల ఆయన చోట మాత్రం వాయించేవాళ్లకు కాస్త రక్షణ దొరికింది. చార్లీ కోసం అక్కడ ఒక యాంప్లిఫయర్ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. థెలోనియస్ మంక్, కెన్నీ క్లార్క్ లాంటివాళ్లు అక్కడే పాత పాటల్ని విప్పి కొత్త సంగీతం కట్టారు, బీబాప్ అలా వచ్చింది.

ఇక్కడ డబ్బు సంగతి కూడా ఉంది. పాట వరసకు కాపీరైట్ ఉంటుంది, కింద నడిచే కార్డ్స్ వరసకు ఉండదు. పాత పాటను ఎన్ని వేలసార్లు వాయించి బతికించినా రాయల్టీ రాసినవాడికే పోతుంది. బీబాప్ వాళ్లు ఆ కార్డ్స్ ఉంచుకుని పైన కొత్త వరస కట్టారు. హౌ హై ద మూన్ మీద ఆర్నితాలజీ అలా పుట్టింది. దీన్ని దొంగతనం అనేవాళ్లు ముందు ఆ లెక్క చూడాలి.

చార్లీ 1942 మార్చి 2న క్షయతో చనిపోయాడు, 25 ఏళ్లకే. బాన్హమ్‌లో పాతిపెట్టిన చోట 1994 దాకా రాయి కూడా లేదు.

కానీ నేర్పడం ఆగలేదు. ఇండియానాపొలిస్‌లో వెస్ మాంట్‌గోమరీ అనే యువకుడు చార్లీ రికార్డు విని గిటార్ కొన్నాడు. ఆ సోలోలను ఒక్కొక్క స్వరం చొప్పున చెవితోనే పట్టాడు. నొటేషన్ చదవడం రాదు. మొదటి ఉద్యోగం క్లబ్బులో ఆ సోలోలు ఉన్నవి ఉన్నట్టు వాయించడమే. పగలు ఫ్యాక్టరీ, రాత్రి క్లబ్బు. చప్పుడుకి ఇరుగుపొరుగు గొడవ పడుతున్నారని పిక్ వదిలేసి బొటనవేలితో మీటాడు, ఆ మెత్తని నాదమే అతని గుర్తయింది. గురువు బొమ్మ ముందు నేర్చుకున్న ఏకలవ్యుడు ఎవరికి గుర్తొచ్చినా తప్పులేదు. ఇక్కడ బొటనవేలు ఎవరూ అడగలేదు, అంతే.

1970ల నడుమ బోస్టన్‌లోని బెర్క్‌లీ సంగీత కళాశాల విద్యార్థులు ఇద్దరు ఈ పాటల్ని చేత్తో రాసి పుస్తకం చేశారు. పేర్లు వేసుకోలేదు, అనుమతులు తీసుకోలేదు. రియల్ బుక్ పేరుతో జిరాక్స్ షాపుల్లో చాటుగా అమ్ముడైంది. జిరాక్స్ కాపీలతో గట్టెక్కిన మన హాస్టల్ విద్యార్థులకు వేరే చెప్పక్కర్లేదు. దాంట్లో తప్పులున్నాయి, ఆ తప్పుల్నే ఒప్పనుకుని వాయించినవాళ్లూ ఉన్నారు. పాత తరం వాళ్లు ముందు రికార్డు వినండి, పుస్తకం తర్వాత తెరవండి అని పోరుతూనే ఉన్నారు. 2004లో ఒక ప్రచురణ సంస్థ హక్కులు కొని చట్టబద్ధంగా అచ్చేసింది.

మిత్రులారా, ఇవాళ్టికి ఇంతే. గిటార్ పట్టిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ముందు రోజ్ రూమ్ విని రండి, గుడ్‌మన్ బృందంతో చార్లీ వాయించిన రికార్డు దొరుకుతుంది. 10వ భాగంలో 1930లలో బొంబాయి తాజ్ హోటల్‌లో వాయించిన నల్లజాతి కళాకారులు లియాన్ ఆబీ, టెడ్డీ వెదర్‌ఫోర్డ్ గురించి, వాళ్ల దగ్గర నేర్చుకున్న గోవా వాద్యకారుల గురించి రాస్తాను.